ఇమాల్ లోయ కావలివాండ్రు

యుద్ధచరిత్రలు వ్రాయువారు సాధారణముగా పోరాడినవారి కథనే చెప్పుదురు. గెలిచినవానికి కీర్తియు, ఓడినవానికి జాలియు లభించును. కాని యుద్ధము వచ్చునేమో యని ఆరేండ్లు ఆయుధము పట్టి ఎదురుచూచి, అది రాకపోవుటచేత ఇంటికి మరలిపోయిన సైనికుని గూర్చి చరిత్రకారుడు రెండు వాక్యములకంటె నెక్కువ వ్రాయడు. ఆ యెదురుచూపులోనే ప్రాణములు కోల్పోయినవానికి ఆ రెండు వాక్యములును దక్కుట యరుదు. అట్టివారు లోకమున ఎందరో కలరు. వారిలో 1941 వ సంవత్సరము సెప్టెంబరు 16 వ తేదీన, ఐర్లండు దేశమునందలి ఇమాల్ లోయలో, ఒక్క ప్రేలుడువలన మరణించిన 16 మంది సైనికులు స్మరింపదగినవారు. వారి దేశము ఆనాడు ఎవరితోడను యుద్ధము చేయుట లేదు. వారిని చంపినది శత్రువు కాదు. అయినను ఆ దేశపు సైన్యచరిత్రలో ఒక్క దుర్ఘటనయందు అంతమంది సైనికులు మరణించుట మరెన్నడును లేదు.

ఐర్లండు మనకు దూరదేశమే యైనను తెలుగువారికి బొత్తిగా అపరిచితము కాదు. బరంపురమున తెలుగు కుటుంబమున జన్మించి, 1969 మొదలు 1974 వరకు భారత రాష్ట్రపతిగా నుండిన వరాహగిరి వేంకటగిరిగారు 1913 లో న్యాయశాస్త్రము చదువుటకై ఆ దేశపు రాజధానియగు డబ్లిను నగరమునకు వెళ్ళిరి. అచ్చటి స్వాతంత్ర్యవాదులతోడి సంబంధము కారణముగా 1916 నాటి తిరుగుబాటు పిమ్మట ఆ దేశము విడిచిపోవలసినదని ఆయనకు ఉత్తరువైనది. ప్రభుత్వము ప్రజల మేలుకొరకు నడువవలసిన తీరును తెలుపుచు మన రాజ్యాంగమున చేర్చబడిన ఆదేశసూత్రములకు మాదిరి 1937 నాటి ఐర్లండు రాజ్యాంగమే. మనవలెనే ఆంగ్లేయుల పాలనలో మ్రగ్గి, మనకంటె పాతికేండ్లు ముందుగా ఆ పాలననుండి బయటపడిన దేశమది.

ఆ బయటపడుటయు సంపూర్ణముగా జరుగలేదు. 1921 నాటి సంధి ననుసరించి 32 కౌంటీలలో, అనగా మన జిల్లాలవంటి విభాగములలో, 26 మాత్రమే 1922 లో స్వపరిపాలన పొందెను. ఉత్తరమున 6 కౌంటీలు బ్రిటనుతోనే నిలిచిపోయెను. ఆ సంధిని అంగీకరించినవారికిని, అంగీకరింపనివారికిని నడుమ 1922, 1923 సంవత్సరములలో అంతఃకలహము చెలరేగెను. అన్నదమ్ములు ఒకరి నొకరు చంపుకొనిరి. బ్రిటిషు నౌకాదళము తనయొద్ద నుంచుకొన్న మూడు రేవులను 1938 లో గాని తిరిగి ఈయలేదు. ఆ మరుసటి యేడే ఐరోపాఖండమున మహాయుద్ధము పుట్టెను.

అప్పటి ప్రధానియగు డి వలేరా తన దేశము ఏ పక్షమునను చేరదని ప్రకటించెను. దేశము రెండుగా చీలియున్నది. అంతఃకలహపు గాయము మానలేదు. సైన్యము మిక్కిలి స్వల్పము. ఇట్టి స్థితిలో యుద్ధమున దిగినచో దేశమే మిగులదని ఆయన భయము. 1939 సెప్టెంబరు 2 వ తేదీన రాజ్యాంగమును సవరించి, తాము పాల్గొనని యుద్ధమైనను దేశభద్రతకు ముప్పు కలిగించునెడల దానిని యుద్ధకాలముగనే పరిగణింపవచ్చునని చేర్చిరి. మరునాడు అత్యవసరాధికారముల చట్టము వచ్చెను. ఆనాటినుండి ఐర్లండు ప్రజలు ఆ కాలమును యుద్ధకాలమని పిలువక 'అత్యవసర కాల' మనియే పిలిచిరి. లోకమంతయు మహాయుద్ధమనుచుండగా ఆ దేశమున దానికి వేరుపేరు పెట్టిరి. పేరు మారినంతమాత్రమున ప్రమాదము తొలగలేదు.

ప్రమాదము రెండు దిక్కులనుండి పొంచియుండెను. 1940 లో ఫ్రాన్సు పతనమైన పిమ్మట జర్మనులు ఐర్లండు దక్షిణతీరమున దిగుటకు ఒక పథకమును రచించుకొనిరి. జర్మనులు దిగినచో ఉత్తరపు 6 కౌంటీలనుండి తాము దక్షిణమునకు నడచుటకు ఆంగ్లేయులును ఒక పథకమును సిద్ధపరచుకొనిరి. కాబట్టి ఐర్లండు సైన్యము ఏకకాలమున ఇరుదిక్కుల చూడవలసి వచ్చెను. 1941 లో ఏర్పడిన రెండు డివిజనులలో మొదటిది దక్షిణసముద్రము వైపునకు, రెండవది ఉత్తరపు సరిహద్దు వైపునకు కావలి కాచెను. ఇంటికి రెండు వాకిళ్ళుండి, రెండింటను దొంగభయ మున్న గృహస్థుని స్థితి వారిది.

ముప్పదిలక్షలకు కొంచెము లోపడిన జనాభాగల ఆ దేశమున 1939 నాటి స్థిరసైన్యము 8,000 మందికి లోపు. ప్రభుత్వము పిలుపు నిచ్చినంతనే కర్షకుల కుమారులు, కూలీలు, దుకాణములలో గుమాస్తాలు, బడిపంతుళ్ళు వేలకొలదిగా వచ్చి చేరిరి. 1941 నాటికి సైన్యము 40,000 ప్రాంతమునకు పెరిగెను. దీనికి తోడు 1940 మే నెలలో స్థానిక రక్షణదళ మొకటి ఆరంభమయ్యెను. పగలు తమ వృత్తులు చేసికొని, సాయంకాలములందును సెలవుదినములందును కవాతు నేర్చుకొనెడి గ్రామస్థుల దళమది. దానిలో లక్షకు అటు ఇటుగా జనులు చేరిరి. బలవంతపు చేరిక లేదు. అంతఃకలహమునందు ఎదురెదురుగా నిలిచి కాల్చుకొన్నవారు ఇప్పుడు ఒకే వరుసలో నిలిచి ఒకే యధికారి యాజ్ఞను పాటించిరి. ఆ కాలము ఆ దేశమునకు చేసిన మేలులలో ఇది గొప్పది.

అట్లు చేరిన సైనికుని దినచర్యలో పురాణములందలి వీరరసము కానరాదు. తెల్లవారకముందే లేచుట, చలిలో కవాతు, తుపాకి తుడుచుట, కందకములు త్రవ్వుట, మైళ్ళకొలది నడక. పెట్రోలు దొరకదు గావున సైకిళ్ళపై పోవు దళములు ఏర్పడెను. శత్రువునకు టాంకులు వేలకొలదిగా నుండగా, వీరికున్నవి చేతివ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే. సరకులు మోయు ఫోర్డు లారీల చట్రములపై ఉక్కురేకులు బిగించి కవచశకటములుగా వాడుకొనిరి. 1940 వరకు వారి ఉక్కుటోపీలు జర్మనుల టోపీలను పోలియుండెను. ఆ యేట వానిని మార్చి ఆంగ్లేయుల మాదిరివి ధరించిరి. బొగ్గు బ్రిటనునుండి వచ్చుట తగ్గిపోగా, బురదనేలలలో వేలయేండ్లుగా కుళ్ళి గట్టిపడిన నాచుమట్టిని ఇటుకలవలె కోసి, ఎండబెట్టి, వంటచెరకుగా వాడవలసి వచ్చెను. ఆ మట్టి కోయుటకును సైనికులను పంపిరి. తేనీటిపై ప్రాణము పెట్టుకొన్న ఆ ప్రజలకు 1941 లో తేయాకు మనిషికి వారమునకు అర ఔన్సు మాత్రమే దక్కెను.

సముద్రతీరము పొడవునను 83 కావలికొట్టములు వెలసెను. చుట్టుప్రక్కల పల్లెల జాలరులు, సన్నకారు రైతులు వానిలో వంతులవారిగా కూర్చుండి రేయింబవళ్ళు సముద్రమును, ఆకాశమును కనిపెట్టియుండిరి. ఏ గడియకు ఏ నౌక ఏ దిశగా పోయినదో, ఏ విమానము ఎంత యెత్తున పోయినదో చిట్టాపుస్తకములో వ్రాయుట వారి పని. వైమానికులు దారితప్పి రాకుండుటకై తీరపు కొండలమీద తెల్లని రాళ్ళు పేర్చి దేశముపేరును పెద్ద యక్షరములతో వ్రాసిరి. ఆ చిట్టాలు నేటికిని డబ్లినునందలి సైనిక పత్రశాలలో భద్రముగా నున్నవి. ఏ పోరును లేని ఆరేండ్ల కావలికి అవియే సాక్ష్యము.

యుద్ధము చేయకున్నను యుద్ధము ఆ నేలను ముట్టకపోలేదు. 1940 ఆగస్టు 26 వ తేదీన వెక్స్‌ఫర్డు కౌంటీలోని కాంపైల్ గ్రామమున, పాలనుండి వెన్న తీయు కర్మాగారముపై జర్మను విమానము బాంబులు వేయగా ముగ్గురు స్త్రీలు మరణించిరి. 1941 మే 31 వ తేదీ వేకువజామున డబ్లిను నగరమున నార్త్ స్ట్రాండ్ ప్రాంతముపై బాంబులు పడి 28 మంది మృతిచెందిరి. యుద్ధానంతరము పశ్చిమ జర్మనీ ప్రభుత్వము దానికి పరిహారము చెల్లించెను. సముద్రమున విడిచిన మందుపాతరలు గొలుసులు తెంచుకొని అలలతో ఒడ్డునకు వచ్చుచుండెను. అట్టిదొకటి 1943 మే 10 వ తేదీన డానిగాల్ కౌంటీ బాలిమానస్ తీరమునకు కొట్టుకొనివచ్చి ప్రేలగా, అచ్చట గుమిగూడిన యువకులును, బాలురును కలిసి 19 మంది బలియైరి.

ఈ నేపథ్యమున ఇమాల్ లోయ కథను పరికింపవలెను. డబ్లినునకు దక్షిణమున విక్లో కౌంటీలో కొండలగుంపు కలదు. దాని పడమటి భాగమున, 3,000 అడుగులకు పైబడిన లగ్నకిల్లా శిఖరము పాదమున ఈ లోయ యున్నది. స్లేనీ నది ఆ కొండపై పుట్టి, లోయగుండ ప్రవహించి, వెక్స్‌ఫర్డునొద్ద సముద్రమున కలియును. పచ్చికబయళ్ళు, గొఱ్ఱెలమందలు, రాతిగోడల పొలములు, అక్కడక్కడ రైతుల ఇండ్లు. చూచువారికి శాంతినిలయముగ తోచు ప్రదేశమది. ఆంగ్లేయులు 1900 ప్రాంతమున ఫిరంగులు కాల్చి అభ్యసించుటకు ఆ లోయలో కొంత భూమిని తీసికొనిరి. స్వాతంత్ర్యానంతరము అది ఐర్లండు సైన్యమునకు సంక్రమించెను. నేటికిని ఫిరంగుల యభ్యాసము అచ్చటనే జరుగుచున్నది.

ఆ లోయకు అంతకుముందే ఒక వీరగాథ కలదు. 1798 నాటి తిరుగుబాటులో పోరాడిన మైకేల్ డ్వయర్ ఆ ప్రాంతపు రైతుబిడ్డ. తిరుగుబాటు అణగిన పిమ్మటను అతడు కొండలలో దాగి పోరాటము సాగించెను. 1799 ఫిబ్రవరిలో డెరినమక్ అను చోట ఒక పూరింటిలో అతడును, అనుచరులును ఉండగా ఆంగ్లసైనికులు చుట్టుముట్టిరి. ఇంటికి నిప్పంటుకొనెను. సామ్యూల్ మకాలిస్టర్ అను అనుచరుడు అప్పటికే గాయపడియుండెను. అతడు ఉత్తరదేశీయుడు, మతశాఖయందు డ్వయరుకంటె భిన్నుడు. తాను ఎటులైనను బ్రదుకనని యెంచి, అతడు వాకిట నిలిచి సైనికుల తుపాకిగుండ్లన్నిటిని తనపైకి రప్పించుకొనెను. వారు మరల తుపాకులు నింపుకొనులోపల డ్వయర్ మంచులో పరుగెత్తి తప్పించుకొనెను. ఆ యిల్లు నేటికిని కాపాడబడుచున్నది.

ఆ లోయలోనే 1941 సెప్టెంబరు 16, మంగళవారమునాడు, ఫిరంగిదళమునకును ఇంజనీరుదళమునకును చెందిన సైనికులు మందుపాతరను గూర్చిన పాఠమునకై చేరిరి. వారు నేర్చుకొనుచున్నది టాంకులను ధ్వంసము చేయు మందుపాతర. టాంకులు మిక్కిలి కొద్దిగా గల దేశమునకు టాంకుల నెదిరించుటకు మిగిలిన సాధనములలో అది యొకటి. లోహపు పాత్రలో బలమైన ప్రేలుడుమందు నింపి, దానికి ఒక రగుల్చు సాధనము అమర్చి, దారిలో మన్ను కప్పి యుంచుదురు. మనుష్యుని యడుగు పడినంతమాత్రమున ప్రేలక, టాంకు బరువు పడినప్పుడు మాత్రమే ప్రేలునట్లు దానిని తయారుచేయుట వాడుక. ఉక్కుకవచమును చీల్చవలెను గావున దానిలోని మందు మిక్కిలి శక్తిగలదై యుండును. దానిని పాతుటయు, తీయుటయు నేర్చుకొనువాడు దగ్గరకు వచ్చి చూడక తప్పదు. తుపాకిని దూరమున నిలిచి చూచి నేర్వవచ్చును గాని, దీనిని అట్లు నేర్వ వీలులేదు. పాఠమునకు చుట్టును చేరుటయే ఆనాడు అంతటి నష్టమునకు హేతువయ్యెను.

ఆ పాఠము నడుమ మందుపాతర ప్రేలెను. 16 మంది ప్రాణములు పోయెను. మరి 20 మంది వరకు గాయపడిరి. వారిలో కొందరికి చూపు పోయెను. బాంబు వేసిన విమానము లేదు, దండెత్తి వచ్చిన శత్రువు లేడు. ఏ శత్రుశకటమునకై ఆ సాధనము నిర్మింపబడినదో ఆ శకటము ఆ యారేండ్లలో ఒక్కనాడును ఐర్లండు నేలపై అడుగిడలేదు. అదే సెప్టెంబరునెలలో సోవియట్ రాజ్యపు కీవ్ నగరప్రాంతమున లక్షలకొలది సైనికులు జర్మనుల వలలో చిక్కి హతులును, బందీలును అగుచుండిరి. అంతటి సంహారము నడుమ 16 మంది మరణము ప్రపంచమునకు లెక్కకు రాదు. వారి తల్లిదండ్రులకు మాత్రము ఆ లెక్క వేరు.

ఇచ్చట ఒక ధర్మసందేహము పుట్టును. ఎదిరితో పోరాడి పడినవాడు వీరుడని శాస్త్రములు చెప్పుచున్నవి. తన యాయుధమే తన్ను చంపినపుడు ఆ మరణము నేమనవలెను? భారతమున ద్రోణపర్వమందు శ్రుతాయుధుని కథ కలదు. వరుణుడతనికి దివ్యమైన గద నిచ్చి, యుద్ధము చేయనివానిపై దానిని విసరినచో అది మరలి నిన్నే చంపునని హెచ్చరించెను. అతడు కోపావేశమున దానిని ఆయుధము పట్టని కృష్ణునిపై విసరి, దానిచేతనే కూలెను. ఆ చావునకు అతని యధర్మమే కారణము. ఇమాల్ లోయ సైనికులయెడ అట్టిదేదియు లేదు. వారు ఎవరిపైనను ఆయుధము విసరలేదు. పరభూమిని కోరలేదు. తమ ఊరి బాటను, తమ యేటిమీది వంతెనను కాపాడుట ఎట్లో నేర్చుకొనుచు మరణించిరి. ధైర్యమనగా బాణములకు రొమ్మొడ్డుటయే కాదు. నేర్వకతప్పని అపాయకరమైన పనిని నేర్చుటకు ప్రతిదినము హాజరగుటయు ధైర్యమే. మకాలిస్టర్ ఒక క్షణమున చూపినదానిని వీరు నెలలతరబడి చడిచప్పుడు లేక చూపిరి.

శాంతిగా నుండుట ఖర్చులేని పని యని కొందరు తలంతురు. 1945 మే 13 వ తేదీన బ్రిటిషు ప్రధాని చర్చిల్ రేడియోలో ప్రసంగించుచు ఐర్లండు తటస్థముగ నుండుటను తీవ్రముగ నిందించెను. మూడుదినముల పిమ్మట డి వలేరా కోపము చూపక సమాధానము చెప్పెను. చిన్నదేశము తన నిర్ణయమును తాను చేసికొను హక్కును గూర్చిన ఆ ప్రసంగము ఆ ప్రజల హృదయములలో నిలిచిపోయెను. ఆ నిర్ణయమునకు చెల్లించిన మూల్యమున ఇమాల్ లోయలో పోయిన ప్రాణములును చేరును.

కావలిపని విసుగు పుట్టించునదగుటచేత దానిని విడిచిపోయినవారును కలరు. సుమారు 5,000 మంది ఐర్లండు సైన్యమును వీడి బ్రిటిషు సైన్యమున చేరి జర్మనులతో పోరాడిరి. 1945 లో ప్రభుత్వము వారిని సైన్యమునుండి తొలగించి, ఏడేండ్లవరకు ప్రభుత్వోద్యోగములకు అనర్హులుగ చేసెను. 2013 లో గాని చట్టము చేసి వారిని క్షమింపలేదు. పోయినవారికి నింద, ఉన్నవారికి మరపు. యుద్ధము ముగిసిన పిమ్మట ఇరువురికిని దక్కినది కొంచెమే. కావలి కాచినవారికి ఒక కంచుపతకము నిచ్చిరి. దానిపై ఐర్లండుదేశము స్త్రీరూపమున, ప్రక్కను వేటకుక్కతో, మెలకువగ నిలిచినట్లు చెక్కబడియున్నది. 1939 సెప్టెంబరులో ప్రకటింపబడిన అత్యవసర పరిస్థితి చట్టరీత్యా 1976 వరకు రద్దుకాలేదు. సైనికుడు ఇల్లు చేరి, మనుమలను చూచిన పిమ్మటను కాగితముపై ఆ కాలము సాగుచునే యుండెను.

1960 నవంబరు 8 వ తేదీన ఆఫ్రికాఖండపు కాంగోదేశమున, నియెంబా యను చోట, ఐక్యరాజ్యసమితి పక్షమున శాంతిరక్షణకై వెళ్ళిన 11 మంది ఐర్లండు సైనికులలో 9 మంది హతులైరి. వారి భౌతికకాయములు డబ్లిను చేరినప్పుడు వీథులు జనసముద్రములయ్యెను. వారికి ఆ గౌరవము తగినదే. కాని స్వదేశపు లోయలో, ఎదుట శత్రువు లేక మరణించిన 16 మందికి జనుల జ్ఞాపకమున అట్టి స్థానము దొరకలేదు. దశాబ్దములు గడచిన పిమ్మట ఇమాల్ లోయలో వారికి స్మారకశిల నెలకొల్పబడినది.

రాతిని నిలిపి మృతుని తలచుట మన దేశమునను అనాదిగా నున్న ఆచారమే. తెలుగుసీమలో పల్లెపొలిమేరలను వీరగల్లులు కానవచ్చును. వానిలో రాజులకొరకు యుద్ధముచేసినవారివే కాక, ఊరి పసులమందను దొంగలబారినుండి విడిపించుచు పడినవారివియు, పులితో పెనగి చచ్చినవారివియు కలవు. ఆ రాళ్ళు నిలిపిన మన పూర్వులు ఎదిరి యెవడని మాత్రమే చూడలేదు. ఆ మనుష్యుడు ఎవరికొరకు నిలిచియుండెనో దానిని చూచిరి.

భారతయుద్ధము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుడు మృతులెందరని యడుగగా ధర్మరాజు సంఖ్య చెప్పెనని స్త్రీపర్వమున కలదు. సంఖ్య చెప్పి ఆయన ఊరకుండలేదు. దిక్కులేనివారికిని, బంధువులు రానివారికిని దహనసంస్కారములు జరిపింపుడని విదురాదులకు ఆజ్ఞాపించెను. గెలిచిన రాజు చేసిన మొదటి పనులలో నిది యొకటి. ఏ దేశమైనను తన చరిత్రను వ్రాసికొనునపుడు ఆ క్రమమును పాటింపవలెను. పద్దులో గెలుపులను ఎక్కించుటకు పూర్వము, కావలి కాచుచు పోయినవారిని ఎక్కింపవలెను. స్లేనీ నది లోయగుండ ప్రవహించుచునే యున్నది. ఫిరంగులు అభ్యాసదినములందు మ్రోగుచునే యున్నవి. ఆ శిలయొద్ద నిలిచి వారి పేర్లు చదివినవారికి ఆ దేశము ఆరేండ్లు యుద్ధమునకు దూరముగ నుండుట ఊరక దొరకినది కాదని తెలియును.